చేతి కంప్యూటర్‌కు అతకని జీపీఎస్ రిసీవర్: మార్చి అమర్చుకోవడం వెనుక ఉన్న శాస్త్రం, జాగ్రత్తలు

జేబులోని ఫోనే దారి చూపుతున్న ఈ రోజుల్లో, స్థానాన్ని గుర్తించే రిసీవర్‌ను విడిగా కొని కంప్యూటర్‌కు తగిలించుకోవలసి వచ్చేదంటే కొత్త తరానికి వింతగా తోచవచ్చు. పాతికేళ్ల క్రితం అదే సాధారణ పద్ధతి. పామ్, హ్యాండ్‌స్ప్రింగ్, కాంపాక్ వంటి సంస్థల చేతి కంప్యూటర్లలో జీపీఎస్ ఉండేది కాదు. దానిని అనుబంధ పరికరంగా కొనాల్సిందే. ఒక నమూనా కోసం తయారైన రిసీవర్ మరో నమూనాకు అతికేది కాదు. కంప్యూటర్ మార్చినప్పుడల్లా చక్కగా పనిచేస్తున్న రిసీవర్ కూడా మూలన పడేది. అందుకే సాంకేతిక ఆసక్తి గలవారు దాని పెట్టెను తెరిచి, తీగలు మార్చి, తమ దగ్గరున్న కంప్యూటర్‌కు అమర్చుకునేవారు.

ఇది కేవలం గడిచిన కాలపు ముచ్చట కాదు. వేట పడవల్లో, అటవీ గస్తీలో, భూముల సర్వేలో నేటికీ విడి రిసీవర్, దాని సమాచారాన్ని చూపే చేతి పరికరం జంటగా పనిచేస్తున్నాయి. ఆ జంట సరిగా కుదరకపోతే పరికరం పాడవడం చిన్న నష్టం. తప్పు స్థానాన్ని ఒప్పని నమ్మి ముందుకు సాగడం పెద్ద నష్టం. ఈ రెండూ ఎలా జరుగుతాయో, ఎలా నివారించవచ్చో పరిశీలిద్దాం.

విడి రిసీవర్ ఎందుకు వచ్చింది?

జీపీఎస్ అమెరికా రక్షణ శాఖ నిర్మించిన వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల ప్రయాణ కాలాన్ని లెక్కించి రిసీవర్ తన స్థానాన్ని తెలుసుకుంటుంది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించిన కొరియన్ ఎయిర్ లైన్స్ 007 విమానాన్ని సోవియట్ యుద్ధ విమానం కూల్చివేసింది. ఆ విషాదం తరువాత ఈ వ్యవస్థను పౌర అవసరాలకూ అందుబాటులో ఉంచుతామని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. 1995 నాటికి వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేయసాగింది.

అయితే పౌరులకు అందే సంకేతంలో ఉద్దేశపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేవారు. దాని వల్ల స్థానం దాదాపు 100 మీటర్ల మేర అటూ ఇటూ అయ్యేది. వీధుల్లో దారి కనుక్కోవడానికి అది చాలదు. 2000 మే నెల ఆరంభంలో అమెరికా ఆ దోషాన్ని తొలగించింది. ఒక్క రాత్రిలో సాధారణ రిసీవర్ల కచ్చితత్వం 10 నుంచి 20 మీటర్ల స్థాయికి మెరుగుపడింది. సరిగ్గా అదే కాలంలో చేతి కంప్యూటర్లు ప్రజాదరణ పొందుతున్నాయి. ఈ రెండింటి కలయికతో అనుబంధ రిసీవర్లకు గిరాకీ ఏర్పడింది.

ఒకే పని, వేర్వేరు ఆకారాలు

1998లో వచ్చిన పామ్ త్రీ రెండు చిన్న ట్రిపుల్ ఏ సెల్స్‌తో, 2 మెగాబైట్ల మెమరీతో నడిచేది. అడుగు భాగంలోని కనెక్టరే బయటి ప్రపంచంతో దానికున్న ప్రధాన మార్గం. మరుసటి ఏడాది వచ్చిన పామ్ ఫైవ్ మరింత పలుచనైంది. దానితో పాటు కనెక్టర్ ఆకారం కూడా మారిపోయింది. హ్యాండ్‌స్ప్రింగ్ సంస్థ విజర్ కంప్యూటర్‌కు వెనుక వైపు స్ప్రింగ్‌బోర్డ్ అనే ప్రత్యేక గూడును పెట్టింది. 2000లో వచ్చిన కాంపాక్ ఐప్యాక్‌కు అనుబంధ పరికరాలు తొడుగు రూపంలో వెనుక నుంచి జారి బిగిసేవి.

ఫలితంగా రిసీవర్ తయారీదారులు ఒకే పనికి పలు ఆకారాలు చేయవలసి వచ్చింది. మెగెలాన్ సంస్థ జీపీఎస్ కంపానియన్ పేరుతో విజర్‌కు ఒక రూపం, పామ్ ఫైవ్ తరహా కంప్యూటర్లకు మరో రూపం విక్రయించింది. నావ్‌మన్ సంస్థ ఐప్యాక్ కోసం తొడుగు రూపంలో రిసీవర్‌ను తెచ్చింది. పైకి ఇన్ని తేడాలున్నా, మూత తెరిస్తే దాదాపు అన్నింటిలోనూ కనిపించేవి మూడే భాగాలు: ఆకాశం వైపు చూసే యాంటెన్నా, లెక్కలు చేసే చిప్, ఆ లెక్కలను అక్షరాలుగా బయటికి పంపే సీరియల్ మార్గం. అడ్డుగా నిలిచేది చివరి రెండు అంగుళాల ప్లాస్టిక్, కనెక్టర్ మాత్రమే. మార్పు సాధ్యం కావడానికి మూల కారణం ఇదే.

లోపలి భాష ఒక్కటే

సముద్రయాన ఎలక్ట్రానిక్ పరికరాల కోసం రూపొందిన ఎన్ఎంఈఏ 0183 అనే ప్రమాణాన్ని రిసీవర్ తయారీదారుల్లో అత్యధికులు స్వీకరించారు. ఇది సాదా అక్షరాల భాష. ప్రతి వాక్యం డాలర్ గుర్తుతో మొదలవుతుంది. తరువాత ఏ వ్యవస్థ, ఏ రకం సమాచారం అన్నది తెలిపే అయిదు అక్షరాలు, ఆపై కామాలతో వేరుచేసిన విలువలు వస్తాయి. చివర నక్షత్రం గుర్తు, దాని వెనుక సరిచూసుకునే అంకె ఉంటాయి. దారిలో ఒక్క అక్షరం చెడినా ఈ అంకె సరిపోదు. అప్పుడు కంప్యూటర్ ఆ వాక్యాన్ని తిరస్కరించగలదు.

ఈ ప్రమాణం ప్రకారం సాధారణ వేగం సెకనుకు 4,800 బిట్లు. ఒక్కో అక్షరానికి 10 బిట్లు పడతాయి గనుక సెకనుకు 480 అక్షరాలు వెళతాయి. ఒక వాక్యం గరిష్ఠ పొడవు 82 అక్షరాలు. అంటే ప్రతి సెకనుకూ పూర్తి నిడివి గల వాక్యాలు అయిదు మాత్రమే పడతాయి. పాత చేతి కంప్యూటర్ల నెమ్మదైన ప్రాసెసర్లకూ అది భారం కాలేదు.

అన్ని రిసీవర్లూ ఈ నియమాన్ని పాటించాయని చెప్పలేం. డెలోర్మ్ సంస్థ తొలి ఎర్త్‌మేట్ రిసీవర్ ఆన్ చేయగానే తన గుర్తింపు పదాన్ని మాత్రమే పంపుతూ ఉండేది. కంప్యూటర్ తగిన జవాబు ఇచ్చిన తరువాతే అసలు సమాచారం మొదలయ్యేది. అదీ ఎన్ఎంఈఏ అక్షరాల్లో కాక, చిప్ సొంత సంకేత భాషలో ఉండేది. అటువంటి రిసీవర్‌కు తీగలు ఎంత చక్కగా కలిపినా, ఆ భాష తెలిసిన సాఫ్ట్‌వేర్ లేనిదే ప్రయోజనం లేదు. కాబట్టి పెట్టె తెరవడానికి ముందే ఆ రిసీవర్ ఏ భాష మాట్లాడుతుందో తెలుసుకోవాలి.

వోల్టేజీ: పరికరాన్ని బలిగొనే తొలి పొరపాటు

భాష ఒకటే అయినా స్వరం వేరు కావచ్చు. సీరియల్ సమాచారం రెండు రకాల వోల్టేజీలతో ప్రయాణిస్తుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ల నాటి ఆర్ఎస్-232 పద్ధతిలో ఒకటి అనే అంకెకు మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల వరకు, సున్నాకు ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టుల వరకు వాడతారు. చిప్‌లు తమలో తాము మాట్లాడుకునే పద్ధతిలో ఒకటికి 3.3 లేదా 5 వోల్టులు, సున్నాకు దాదాపు సున్నా వోల్టులు. అంటే రెండింటి మధ్య పరిమాణంలోనే కాదు, దిశలోనూ వైరుధ్యం ఉంది.

పామ్ త్రీ అడుగు కనెక్టర్ ఆర్ఎస్-232 తరహా వోల్టేజీలతో పనిచేసేది. విజర్ అడుగు కనెక్టర్ మాత్రం 3.3 వోల్టుల చిప్ స్థాయిలో ఉండేది. మొదటి దానికోసం తయారైన రిసీవర్ తీగలను రెండో దానికి నేరుగా కలిపితే, 3.3 వోల్టులకు మించి భరించలేని ప్రవేశానికి మైనస్ వోల్టేజీ తగులుతుంది. కంప్యూటర్ శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

దీనిని ముందుగా పసిగట్టడానికి సాధారణ మల్టీమీటర్ చాలు. మొదట గ్రౌండ్ పిన్‌ను గుర్తించాలి. అది చాలా రిసీవర్లలో బ్యాటరీ రుణ ధ్రువానికి, యాంటెన్నా చుట్టూ ఉన్న లోహపు కవచానికి కలిసి ఉంటుంది. తరువాత రిసీవర్ సమాచారం పంపే పిన్‌పై, అది మౌనంగా ఉన్న క్షణంలో, వోల్టేజీ చూడాలి. మైనస్ 5 లేదా అంతకన్నా దిగువన ఉంటే అది ఆర్ఎస్-232. ప్లస్ 3.3 లేదా 5 ఉంటే చిప్ స్థాయి. రెండు పరికరాల స్థాయిలు వేరైతే మధ్యలో మ్యాక్స్3232 వంటి మార్పిడి చిప్ తప్పనిసరి. ఇది 3 నుంచి 5.5 వోల్టుల సరఫరాతో, కొన్ని చిన్న కెపాసిటర్ల సాయంతో పనిచేస్తుంది. ఒకరి పంపే పిన్ మరొకరి స్వీకరించే పిన్‌కు చేరాలన్నది తరువాతి నియమం. ఇది తారుమారైతే సాధారణంగా ఏ నష్టమూ జరగదు గాని, తెరపై ఏమీ కనిపించదు.

విద్యుత్ ఎక్కడి నుంచి?

ఆనాటి రిసీవర్లు నిరంతరాయంగా 100 మిల్లీ ఆంపియర్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ కరెంటు తీసుకునేవి. ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్ సామర్థ్యం సుమారు 1,000 మిల్లీ ఆంపియర్-అవర్లు. లెక్క ప్రకారం 100 మిల్లీ ఆంపియర్ల వద్ద 10 గంటలు రావాలి. వాడుకలో అంతకన్నా తక్కువే వస్తుంది. వారాల తరబడి ఒకే జత సెల్స్‌తో నడిచే చేతి కంప్యూటర్ నుంచి రిసీవర్‌కు కరెంటు ఇస్తే, పూట గడవక ముందే రెండూ ఆగిపోతాయి. అడవిలోనో సముద్రం మీదో ఉన్నప్పుడు పటం, స్థానం రెండూ ఒకేసారి కనుమరుగవడం ప్రమాదకరం. అందువల్ల రిసీవర్‌కు సొంత బ్యాటరీ ఉండాలి. రెండింటి మధ్య గ్రౌండ్ తీగను మాత్రం ఉమ్మడిగా కలపాలి. అది లేకపోతే సంకేతాలకు ఆధారమే ఉండదు.

యాంటెన్నాను కదిలించరాదు

రిసీవర్ పెట్టెను కోసేటప్పుడు అందరూ తేలికగా తీసుకునే భాగం యాంటెన్నా. పౌర జీపీఎస్ సంకేతం 1575.42 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో, సుమారు 19 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో వస్తుంది. అంత దూరం ప్రయాణించి నేలకు చేరేసరికి దాని శక్తి ఎంత తగ్గుతుందంటే, ఒక వాట్‌ను కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేంత. కంప్యూటర్ ప్రాసెసర్ నుంచి వెలువడే అతిస్వల్ప విద్యుత్ రొద కూడా దానిని ముంచెత్తగలదు.

చతురస్రాకారపు పింగాణీ పలక వంటి ఈ యాంటెన్నా ఆకాశం వైపు తిరిగి ఉండాలి. దాని కింది లోహపు పలకను కత్తిరించినా, లోహపు మూత కింద ఉంచినా, కంప్యూటర్ వెనుక దాచినా ఉపగ్రహాలు చిక్కవు. పరికరాన్ని పట్టుకున్న చెయ్యి కూడా సంకేతానికి అడ్డే. అందుకే అనుభవజ్ఞులు రిసీవర్ సర్క్యూట్‌నూ యాంటెన్నానూ ఉన్నచోటనే వదిలి, కనెక్టర్ భాగాన్ని మాత్రమే తొలగించి, చిన్న తీగతో కంప్యూటర్‌కు కలిపేవారు. అందం కొంత తగ్గినా పనితనం నిలుస్తుంది.

చాలా కాలం వాడని రిసీవర్ ఆన్ చేసిన వెంటనే స్థానం చూపకపోతే మార్పు విఫలమైందని తొందరపడరాదు. ఉపగ్రహాల స్థూల పట్టిక మొత్తం అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. తొలిసారి ఆరుబయట, కదలకుండా, కనీసం పావుగంట ఉంచాలి.

అంకెలు ఒకటే, ఊరు వేరు

తెరపై అంకెలు రావడంతో పని ముగిసినట్టు కాదు. ఎన్ఎంఈఏ వాక్యంలో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు కలిపి ఒకే వరుసలో రాస్తారు. హైదరాబాద్‌లోని చార్మినార్ సుమారు 17.3616 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4747 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. రిసీవర్ దీనిని 1721.696 అనీ, 07828.482 అనీ పంపుతుంది. అంటే 17 డిగ్రీల 21.696 నిమిషాలు, 78 డిగ్రీల 28.482 నిమిషాలు. నిమిషాలను 60తో భాగించకుండా, కేవలం చుక్కను జరిపి 17.21696, 78.28482 అని చదివితే స్థానం దక్షిణానికి 16 కిలోమీటర్లు, పడమరకు 20 కిలోమీటర్లు జరిగిపోతుంది. చార్మినార్ వద్ద నిలబడినవారిని పటం నేరుగా దాదాపు 26 కిలోమీటర్ల దూరాన నైరుతి దిక్కున చూపుతుంది. సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునేవారు తరచూ చేసే పొరపాటు ఇదే.

రెండో చిక్కు పటానిది. సర్వే ఆఫ్ ఇండియా పాత స్థలాకృతి పటాలు ఎవరెస్ట్ దీర్ఘవృత్తాకార నమూనాపై ఆధారపడినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84 నమూనా. రెండింటినీ సవరించకుండా కలిపితే మన ప్రాంతంలో 100 మీటర్లకు మించిన తేడా రావచ్చు. 2005 జాతీయ పటాల విధానం తరువాత ప్రజల కోసం వెలువడిన పటాల శ్రేణి డబ్ల్యూజీఎస్-84 ఆధారంగా రూపొందింది కనుక, ఏ పటం వాడుతున్నారో ముందే చూసుకోవాలి.

మూడోది, స్థానం చెల్లుబాటును తెలిపే అక్షరం. ఒక వాక్యంలో ఆంగ్ల అక్షరం ‘ఏ’ ఉంటే స్థానం నమ్మదగినది, ‘వీ’ ఉంటే కాదు. ఈ తేడాను పట్టించుకోని సాఫ్ట్‌వేర్ ఉపగ్రహాలు చిక్కనప్పుడు కూడా పాత స్థానాన్నే కొత్తదిగా చూపుతుంది.

పాత రిసీవర్, తప్పు తేదీ

జీపీఎస్ కాలగణన 1980 జనవరి 6న మొదలైంది. వారాలను లెక్కించడానికి మొదటి సంకేతంలో కేటాయించిన స్థలం 1,024 వారాలకే సరిపోతుంది. సుమారు 19.6 ఏళ్లకు ఒకసారి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో మొదటిసారి, 2019 ఏప్రిల్‌లో రెండోసారి అలా జరిగింది. సవరణలు అందని పాత రిసీవర్లలో కొన్ని నేడు స్థానాన్ని సరిగానే చూపుతూ, తేదీని మాత్రం రెండు దశాబ్దాలు వెనక్కి చూపడానికి కారణం ఇదే. ప్రయాణాల చిట్టా నమోదు చేసేవారు, ఫోటోలకు తేదీ ముద్రించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దీనికి తిరుగు సమస్య కూడా ఉంది. జీపీఎస్ ఒక్కదానినే వాడే రిసీవర్ వాక్యాలు ‘జీపీ’ అక్షరాలతో మొదలవుతాయి. పలు దేశాల ఉపగ్రహాలను కలిపి వాడే నేటి రిసీవర్లు ‘జీఎన్’ అని మొదలుపెడతాయి. ‘జీపీ’ కోసమే చూసే పాత సాఫ్ట్‌వేర్‌కు కొత్త రిసీవర్ కలిపితే, సమాచారం వస్తున్నా అది స్వీకరించదు. లోపం తీగల్లో ఉందని వెతికేవారికి ఎంతకీ దొరకదు.

భారతదేశపు నావిక్ వ్యవస్థ విషయంలోనూ స్పష్టత అవసరం. దాని తొలి ఉపగ్రహాలు 1176.45 మెగాహెర్ట్‌జ్, ఎస్ బ్యాండ్ పౌనఃపున్యాల్లో సంకేతాలు పంపుతాయి. జీపీఎస్ పౌర సంకేతపు బ్యాండ్‌లోనూ ప్రసారం చేసే సౌకర్యం 2023 మే 29న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎన్‌వీఎస్-01తో మొదలైంది. పాత జీపీఎస్ రిసీవర్ చిప్‌కు నావిక్ సంకేత క్రమం తెలియదు. కనెక్టర్ మార్చినంత మాత్రాన అది నావిక్ రిసీవర్ కాజాలదు.

పొలం గట్టుకు ఇది కొలబద్ద కాదు

మార్చి అమర్చుకున్న పరికరం దారి తెలుసుకోవడానికి, చెట్టును లేదా బావిని పటంపై గుర్తించుకోవడానికి ఉపకరిస్తుంది. భూమి హద్దులకు పనికిరాదు. ఎకరం చతురస్రంగా ఉంటే దాని భుజం సుమారు 63.6 మీటర్లు. ఒక వైపు హద్దు 10 మీటర్లు జరిగితే 636 చదరపు మీటర్లు, అంటే దాదాపు 16 సెంట్లు లేదా ఆరు గుంటలకు పైగా భూమి చేతులు మారినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో మొదలైన భూముల పునఃసర్వేలో స్థిర కేంద్రాల నుంచి సవరణలు అందుకునే రోవర్లను వాడటానికి కారణం ఇదే. వాటి కచ్చితత్వం సెంటీమీటర్లలో ఉంటుంది. చేతి పరికరం చూపిన అంకెలతో గట్టు తగవుకు దిగడం ఎవరికీ మేలు చేయదు.

తీగ పోయింది, అవసరం మిగిలింది

బ్లూటూత్ వచ్చాక కనెక్టర్ల గొడవ చాలావరకు తీరింది. రిసీవర్ తన అక్షరాలను తీగ లేకుండా పంపుతుంది. ఫోన్ ఏ ఆకారంలో ఉన్నా ఇబ్బంది లేదు. పాత సీరియల్ రిసీవర్‌ను కూడా యూఎస్‌బీ మార్పిడి తీగ ద్వారా నేటి ఆండ్రాయిడ్ ఫోన్లకు కలపవచ్చు. అయితే ఆ స్థానాన్ని ఇతర యాప్‌లు వాడుకోవాలంటే ఫోన్ డెవలపర్ సెట్టింగ్‌లలో ప్రత్యామ్నాయ స్థానాన్ని అనుమతించాల్సి ఉంటుంది.

ఈ ఆలోచన ప్రాణరక్షణకు ఎలా ఉపకరిస్తుందో చూపే ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటిన మత్స్యకారులకు మొబైల్ సంకేతాలు అందవు. 2017 చివర్లో ఓఖీ తుపాను ఏర్పడక ముందే లోతు సముద్రంలోకి వెళ్లినవారికి హెచ్చరిక చేర్చే మార్గం లేకపోయింది. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థతో కలిసి జెమిని అనే పరికరాన్ని రూపొందించింది. 2019 అక్టోబరులో అది అందుబాటులోకి వచ్చింది. గగన్ ఉపగ్రహాల ద్వారా వచ్చే హెచ్చరికలను, చేపలు లభించే ప్రాంతాల వివరాలను ఈ చిన్న పెట్టె అందుకుని బ్లూటూత్ ద్వారా మత్స్యకారుని ఫోన్‌కు చేరవేస్తుంది. ఫోన్ మార్చినా పెట్టె మార్చనక్కరలేదు. అయితే ఇది ఒకవైపు మార్గమే. ఆపదలో ఉన్నవారు దీని ద్వారా సాయం కోరలేరు.

ఏది చూసుకోవాలి?

పాత రిసీవర్‌ను కొత్తగా వాడదలచినవారు కొన్ని విషయాలు వరుసగా తేల్చుకోవాలి. రిసీవర్ మాట్లాడే భాష ఏది? పిన్‌లపై వోల్టేజీ ఎంత? విద్యుత్ ఎక్కడి నుంచి వస్తుంది? యాంటెన్నాకు ఆకాశం కనిపిస్తుందా? అంకెలను సాఫ్ట్‌వేర్ సరిగా చదువుతోందా? ఇవన్నీ తేలాక, ముందే స్థానం తెలిసిన చోట, అంటే రైల్వే స్టేషన్ వద్దో పటంలో స్పష్టంగా కనిపించే కూడలి వద్దో నిలబడి ఫలితాన్ని పోల్చి చూడాలి. ఒక్క చోట కాక, కొన్ని కిలోమీటర్ల దూరంలోని రెండు మూడు చోట్ల పోల్చితే నిమిషాల లెక్కలోని తప్పు, పటం నమూనాలోని తేడా రెండూ బయటపడతాయి. ఆ పరీక్ష నెగ్గిన తరువాతే పరికరాన్ని నమ్మి అడవిలోకో సముద్రంలోకో తీసుకువెళ్లాలి.